గుట్ట దానపత్రం

ప్రతి దస్తావేజు చివరా 'చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకం' అని రాస్తాం. చదివేదెవరు, వినేదెవరు? స్లాట్ టైముకు లోపలికి పోయి ఫొటో దిగుతారు, వేలిముద్ర వేస్తారు, బయటికొచ్చి టీ తాగి వెళ్లిపోతారు. ముప్పై ఏళ్లుగా రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కూర్చుని పత్రాలు రాస్తున్నాను. నిజంగా చదివి వినిపించమని పట్టుబట్టినవాడు నాకు గుర్తున్నంతలో ఒక్కడే, ఆ పెద్దాయన.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనులు నడిపిన మనిషి. మా వైపు ఎన్నో ఇళ్లలో పరిచిన బండలు ఆయన తవ్వించినవే. తవ్విన చోటల్లా నీళ్లు నిండిన నిలువు గుంతలు మిగిలాయి. ఊరికి ఉత్తరాన ఒక్క గుట్టను మాత్రం ఆయన ముట్టుకోలేదు. దాని మీద సీతాఫలం చెట్లు, రేగుపొదలు, ఎండాకాలం కూడా తడి ఆరని ఒక ఊట ఉన్నాయి. ఊరి మేకలన్నీ అక్కడే మేస్తాయి. నెమళ్లు చూడాలని కడప నుంచి పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆ గుట్ట తండ్రీకొడుకులిద్దరి పేరా ఉంది. ఎవరూ తవ్వకుండా, ఎవరూ అమ్మకుండా, అందరూ తిరిగేటట్టు దాన్ని ఊరివాళ్లు ఐదుగురున్న ట్రస్టుకు రాసివ్వాలని తండ్రి పంతం. దాని కింద రాయి ఉండగా ఊరికే ఇచ్చేదేమిటని కొడుకు పంతం. కొడుకును ఆఫీసు మెట్లదాకా తీసుకురావడానికి పెద్దాయనకు ఎనిమిది నెలలు పట్టింది. ఇంకోసారి రమ్మంటే వస్తాడన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఆ మధ్యాహ్నం కొడుకు నా బల్ల దగ్గర కూర్చుని కాగితాలన్నీ తిరగేసి, ప్రతి పేజీ కిందా నోరెత్తకుండా సంతకం పెట్టాడు. ఇంత సులువుగా పని జరిగిపోతోందేమిటా అని నాకే వింతగా అనిపించింది. ట్రస్టు తరఫున వచ్చిన మేకల కాపరి తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. పెద్దాయన పెన్ను తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు.

"చదువప్పా" అన్నాడు.

"స్లాటుకు పావుగంటే ఉంది పెద్దాయనా. అంతా మీరు చెప్పినట్టే రాసినా."

"చెప్పినట్టే ఉంటే చదివేదానికేం? చదువు."

విసుక్కుంటూనే మొదలుపెట్టాను. సర్వే నంబరు, నాలుగు పక్కలా హద్దులు, ఊట, బండ్ల దారి, అన్నీ గబగబా చదివాను. రెండో పేజీ అడుగున నా నాలుక ఆగిపోయింది. 'ఇకమీదట సదరు ఆస్తిని దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో మీరు అనుభవించుకొనగలరు.'

దానమిచ్చినా, అమ్మినా, పంచుకున్నా మేం రాసే మాట అది. మా నాన్న కూడా దస్తావేజు రైటరే. పద్యం బట్టీ పట్టించినట్టు ఆ వాక్యం నాకు నేర్పించాడు. ఇక ఎవరూ అమ్మకూడదని ఇస్తున్న గుట్టకు, కావాలంటే అమ్ముకోండని నా చేత్తోనే రాసి పెట్టాను.

తలెత్తి చూశాను. కొడుకు కళ్లు నా మీదే ఉన్నాయి. వాటిలో ఆశ్చర్యం లేదు. అతను ముందే చదివాడు. గుట్టను మళ్లీ తనకే అమ్మేటట్టు ఐదుగురు ఊరివాళ్లను రేపెప్పుడో ఒప్పించుకోవడం అతనికి పెద్ద పనేమీ కాదు. చదివితే కొడుకు లేచి వెళ్లిపోతాడు, దానం ఆగిపోతుంది. ఆ వాక్యం మింగేస్తే పత్రం ఈ పూటే రిజిస్టరవుతుంది, ముప్పై ఏళ్ల నా పేరూ నిలుస్తుంది. మింగేద్దామనే అనుకున్నాను. అబద్ధమెందుకు చెప్పాలి?

"ఏమప్పా, ఆగినావు?" అన్నాడు పెద్దాయన.

చదివేశాను.

"అంటే, వీళ్లు అమ్ముకోవచ్చు అంటాండావా?"

"అవును. తప్పు నాదే. అలవాటుగా పడిపోయింది."

"మేం అమ్మం సామీ!" అన్నాడు కాపరి కంగారుగా.

"నువ్వు అమ్మవులేప్పా. నీ తర్వాత వచ్చేటోడి మాటేంది?" పెద్దాయన నావైపు తిరిగాడు. "కొట్టేయొచ్చునా?"

"కొట్టేయొచ్చు. పక్కన ఇద్దరూ సంతకం పెట్టాల."

ఆయనే పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద గీత గీశాడు. సంతకం పెట్టి కాగితాన్ని కొడుకు ముందుకు జరిపాడు.

"నువ్వు చూసినావు గదా?"

"చూసినా."

"చూసీ చెప్పలే."

"చెప్తే కొట్టిస్తావని తెలుసు నాయనా. దాని కింద ఎంత రాయి ఉండాదో నీకన్నా ఎవురికి తెలుసు?"

"తెలుసు. తవ్వినంక ఏం మిగుల్తాదో గూడా నాకే తెలుసు. మన గుంతల కాడికి యెవురన్నా చూసేదానికి పోతారా? పోయినోళ్లు నీళ్లల్లో పడి చచ్చినోళ్లే."

ఆ నీళ్లలోనే తమ్ముణ్ణి పోగొట్టుకున్న కాపరి తల దించుకున్నాడు. కొడుకు అతన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. లోపలినుంచి మా నంబరు పిలిచారు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచారు. కొడుకు పెన్ను లాక్కుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం గీకేశాడు.

పని పూర్తయ్యాక అతను తండ్రి కోసం ఆగకుండానే కారెక్కి వెళ్లిపోయాడు. పెద్దాయన వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు ఓ మంచిమాట అంటాడని ఆశపడ్డాను.

"ఏమప్పా," అన్నాడు, "జనానికని ఇచ్చిన భూములకు ఇంతకుముందు గూడా పత్రాలు రాసింటావు గదా?"

"మూడు రాసినా."

"వాటిల్లో ఆ మాట ఉండాదా?"

చూసి చెప్తానన్నాను. చూడాల్సిన పనేమీ లేదు. మూడింటిలోనూ ఉంది. వాటిలో ఒకటి బడిపిల్లలు ఆడుకోవడానికని ఒకాయన ఇచ్చిన నేల. ఇప్పుడక్కడ ప్లాట్లకు పాతిన తెల్లరాళ్లున్నాయి. దాన్ని అమ్మినప్పటి పత్రం కూడా నేనే రాశాను.