తోక కేసెట్టు

గద్వాల సుమోల అడ్డా మీద డ్రైవరు కురుమూర్తికి తెలియని సంగతి లేదు. ఆ మాట అనేది కూడా కురుమూర్తే. టేపు తెగినా, చిక్కుపడినా తోటి డ్రైవర్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. పెన్సిలు పెట్టి తిప్పుతూ, వచ్చినవాళ్లను తిట్టిపోస్తూ బాగుచేసేవాడు. "తెల్వదు" అన్న మాట ఇరవై ఏళ్లలో ఆయన నోట ఎవరూ వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రెండువేల ఆరులో, కురుమూర్తి నడిపే బండి ఓనరు అబ్దుల్ మజీద్ అల్లుడు ఫర్హాన్ హైదరాబాదు నుంచి అగ్గిపెట్టెంత పాటల ప్లేయరు తెచ్చాడు. దానికి తోడు ఒక కేసెట్టు, ఆ కేసెట్టుకు తోకలా ఒక వైరు. కేసెట్టును బండిలోని టేపురికార్డరులో దూర్చి, వైరు కొసను ప్లేయరుకు గుచ్చితే ప్లేయరులోని పాటలు బండి స్పీకర్లలో మోగుతాయి. ఫర్హాన్ మోగించి చూపించబోతే కురుమూర్తి బండి దిగి బీడీకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆయన కేసెట్లన్నీ గోనెసంచిలో ఉన్నాయి.

"గీ చెత్త ఇంటికి తీస్కపో," అన్నాడు ఫర్హాన్.

ఆనాటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

వనపర్తికి పెళ్లివాళ్లను తీసుకెళ్లే ముందురోజు ఫర్హాన్ ప్లేయరును జేబులో వేసుకుని, తోక కేసెట్టును బండిలోనే ఉంచాడు.

"రేపు తొవ్వ పొడుగూత పాటలుండాలె. మోగకుంటే నువ్వు సీటు దిగుడే."

మజీద్ పక్కనే ఉండి కాదనలేదు.

తెల్లారి బండి కడిగి, కురుమూర్తి ఆ కేసెట్టును ఒక్కదాన్నే టేపురికార్డరులో పెట్టి చూశాడు. చప్పుడు లేదు. తీసి చూస్తే లోపల టేపే లేదు! పట్నంలో ఎవడో అల్లుడికి టోపీ పెట్టాడని కడుపు చల్లబడింది. మరుక్షణమే ఇంకోటి తట్టింది. పాట మోగకపోతే పోయేది తన సీటే. స్క్రూలు విప్పాడు. లోపల అడ్డంగా ఉన్న వైరును కత్తిరించి, ఇంకా బండి వెనకే పడి ఉన్న గోనెసంచిలోని ఒక మంచి కేసెట్టు టేపు తీసి చుట్టి బిగించాడు.

పెళ్లివాళ్లు ఎక్కారు. ఫర్హాన్ కేసెట్టు దూర్చగానే కరకరమంది. బయటికి లాగితే మూరలకొద్దీ టేపు వచ్చింది, తోక ఊడి చేతిలో పడింది.

"ఎవడు విప్పిండు?"

"నేనే. టేపు లేకుండ ఏం మోగుతది? దుకాణపోడు నిన్ను ముంచిండు."

"అరే, దాంట్ల టేపే ఉండదు!"

పెళ్లివాళ్లు ఘొల్లున నవ్వారు. కురుమూర్తి ముఖం మాడిపోయింది.

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా?"

"అడిగినవా? చూపిస్తుంటే బీడీకి పోలే?"

మజీద్ తాళంచెవి కోసం చేయి చాచాడు. "దిగు కురుమూర్తీ. తెల్వకుంటే అడగాలె."

గోనెసంచి భుజాన వేసుకుని పట్టపగలే ఇల్లు చేరిన కురుమూర్తి గడప మీద కూలబడ్డాడు. వంటింట్లోంచి భార్య వెంకటమ్మ గొంతు వినిపించింది.

"రేపు ఏ పొద్దుకు లేపాలె?"

"తెల్వదు," అన్నాడు కురుమూర్తి.

ఆ మాట విని వెంకటమ్మ పొయ్యి మీది గిన్నె అట్లే వదిలేసి బయటికి వచ్చింది.