డీజేకి గుచ్చిన నూట పదహార్లు

సముద్రం ఒడ్డున జరిగే మ్యూజిక్ ఫెస్టివల్‌కో, విశాఖపట్నం క్లబ్బులకో అంతంత డబ్బు పోసి వెళ్ళడం దండగా కాదా అని ఎవరికైనా సందేహం వస్తే, నరసన్నపేటలో ఉన్న నా ఎరువుల కొట్టుకి పంపిస్తారు. నేనేదో అందులో ఆరితేరినవాణ్ణని కాదు. జీవితంలో ఒకే ఒక్కసారి వెళ్ళి, ఆ ఒక్కసారిలోనే పరువునీ, పెళ్ళినీ, ఒక కొత్త బరకాన్నీ గాల్లో పెట్టి వచ్చినవాణ్ణి మా పేటలో నేనొక్కణ్ణే. ఆ వైనం విన్నాక కూడా వెళ్తామంటే మీ ఇష్టం.

అప్పటికి శైలజతో నాకు సంబంధం కుదిరింది. వరసకి మావయ్య కూతురే. బొబ్బిలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. తాంబూలాలు అయ్యాయి, లగ్నం మాత్రం ఇంకా రాయించలేదు. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. అంటే తను మాట్లాడేది, నేను గొప్పలు చెప్పేవాణ్ణి.

ఒకరోజు అడిగింది. "బావా, నువ్వెప్పుడైనా క్లబ్బుకెల్లావా? మా స్కూల్లో కొత్తగా వచ్చిన మేడమ్ తెగ సెప్తన్నాది. లైట్లంట, పొగంట, అందరూ ఒకటే గెంతడమంట."

"క్లబ్బులా? నాకు మొహం మొత్తీసింది శైలూ. వైజాగులో నేను సూడని క్లబ్బు లేదు."

పాఠకులకి నిజం చెప్పాలి. నేను వైజాగ్ వెళ్ళేది ఎరువుల డీలర్ల మీటింగుకి. వాళ్ళు పెట్టిన బిర్యానీ తిని, ఇచ్చిన సంచీ పట్టుకుని సాయంత్రం బస్సుకి వచ్చేసేవాణ్ణి. ఒకసారి మాత్రం ఒక క్లబ్బు ముందు నిలబడి బోర్డు చదివాను. వాచ్‌మన్ "ఎవరు కావాల?" అన్నాడు. "ఎవరూ వద్దండి" అని వచ్చేశాను. క్లబ్బులతో నా అనుభవం అంతే.

కానీ ఆ ముక్క శైలజకి ఎందుకో నచ్చింది. వాళ్ళమ్మతో మురిపెంగా చెప్పింది. వాళ్ళమ్మ అన్నం వడ్డిస్తూ వాళ్ళ నాన్నతో చెప్పింది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఆగిపోయిందట.

ఆయన పేరు సింహాచలంనాయుడు. బొబ్బిలి పక్క పల్లెలో వరి, మొక్కజొన్న పండిస్తారు. వయసులో ఉన్నప్పుడు తప్పెటగుళ్ళు ఆడినవారు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని ఆయన గెంతుతూ వాయిస్తే పక్క ఊళ్ళో పడుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చేవారని చెబుతారు. మాటలు తక్కువ, మీసం ఎక్కువ. మర్నాడే మా కొట్టుకి వచ్చి యూరియా బస్తా మీద కూర్చున్నారు.

"క్లబ్బులకెల్తావంట."

లేదంటే శైలజ దగ్గర అబద్ధాలకోరునవుతాను. అవునంటే ఈయన దగ్గర తాగుబోతునవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో యూరియా.

"ఏదో ఒకటి రెండు సార్లు మావా."

"నువ్వు సూడని క్లబ్బు లేదని మా ఇంటి పిల్ల సెప్పిందే."

"అంటే... మరీ అన్ని కాదు మావా."

ఆయన మీసం దువ్వుకున్నారు. "భోగాపురం అవతల సముద్రం కాడ అలాటిదేదో పెడతన్నారంట. నువ్వూ, శైలజా ఎల్లండి. నానూ వస్తాను. అక్కడ ఏటుంటాదో సూడాల, నువ్వెలగుంటావో సూడాల. లగ్గం సంగతి ఆ తరవాత సూద్దాం."

ఇదన్నమాట పరీక్ష. తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నా మెడకి డోలు కాదు, తప్పెటగుళ్ళు ఆడిన మావగారు.

టిక్కెట్లు కొన్నాను. ఆ డబ్బుతో మా అమ్మకి పట్టుచీర వచ్చేదన్న సంగతి తలుచుకోకుండా కళ్ళు మూసుకుని ఫోన్ నొక్కాను. తర్వాత ఏర్పాట్లు. అసలు ఫెస్టివల్ అంటే ఏమిటో ఎవరినైనా అడగచ్చు కదా? అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. అందుకని నాకు తెలిసిన పండగ ఒకటే కాబట్టి, దానికి వెళ్ళినట్టే బయల్దేరాను. మా ఊళ్ళో అమ్మవారి పండక్కి ఆట ఉంటే, మధ్యాహ్నమే వెళ్ళి స్టేజీ ముందు జాగా పట్టుకోవాలి. అందుకని ధాన్యం కుప్పల మీద కప్పే బరకం కొత్తది ఒకటి తీసుకున్నాను. మా అమ్మ పులిహోర, చేగోడీలు క్యారేజీలో సర్ది ఇచ్చింది.

గేటు దగ్గరే మొదటి దెబ్బ. "బయట తిండి లోపలికి రాదు సార్" అన్నాడు నల్ల టీషర్టు మనిషి.

నేను క్యారేజీ ఇచ్చేయబోయాను. మావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "అన్నం పారేత్తావేటి? కూకో."

గేటు పక్కన ఇసకలో కూర్చుని ముగ్గురం క్యారేజీ ఖాళీ చేశాం. చేగోడీలు నల్ల టీషర్టు వాళ్ళకి కూడా పంచారాయన. తరవాత చేతికి రంగు పట్టీ కట్టారు. మావగారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఏటిది, కంకణమా? ఎన్నాల్లుంచాల?"

"మూడు రోజులు మావా" అన్నాను, వెయ్యి కంకణాలు కట్టుకున్నవాడిలా.

లోపల స్టేజీ ముందు ఒక్క మనిషి లేడు. ఎంత అదృష్టం అనుకుని బరకం పరిచాను. నాలుగు మూలలా ఇసక పోసి, మధ్యలో మావగారిని కూర్చోబెట్టాను. ఆయన మొదటిసారి నా వైపు మెచ్చుకోలుగా చూశారు. "జాగా బాగా పట్టావు."

పొద్దు వాలుతుంటే జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నిలబడ్డారు. ఒక్కరు కూర్చోలేదు. మా బరకం చుట్టూ కాళ్ళే. మావగారి మొహం మోకాళ్ళ మధ్య నుంచి కనిపిస్తోంది.

"అల్లుడూ, ఈలు ఎప్పుడు కూకుంటారు?"

"కొత్తోళ్ళు మావా, తెలీదు" అన్నాను.

చివరికి లేవక తప్పలేదు. బరకం మడిచి చంకలో పెట్టుకున్నాను. ఈలోగా మావగారికి దాహం వేసింది. నీళ్ళ సీసా ధర విని ఆయన కొట్టు కుర్రాడిని జాలిగా చూసి, "మా ఊళ్ళో బోరు తవ్వించినా ఇంతవదు బాబూ" అన్నారు.

అప్పుడు స్టేజీ మీదికి మొదటి డీజే వచ్చాడు. చెవులకి డిప్పలు, వంటి మీద మెరిసే చొక్కా. "హలో వైజాగ్, మేక్ సమ్ నాయిస్" అన్నాడు. డబ్బాల్లోంచి ఒక దరువు మొదలైంది. ఆ దరువు చెవికి కాదు, తిన్న పులిహోరకి వినపడుతోంది.

"ఈ కుర్రోడు ఎప్పుడు వాయిత్తాడు?" అన్నారు మావగారు.

"వాయిస్తన్నాడు మావా. ఇదే."

"ఏదీ? ఫేను రెగ్యులేటరు తిప్పుతున్నట్టున్నాడు."

కానీ కాసేపటికి ఆయన మడమ ఇసకలో దరువు వేయడం మొదలుపెట్టింది. శైలజ కళ్ళు మెరిసిపోతున్నాయి. నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "బావా, భలేగున్నాది. ఇక్కడ ఆట బాగుంటే ఏం సేత్తారు? ఒట్టి సప్పట్లేనా?"

ఇక్కడ, ఇక్కడే, నాకు తెలియదు అని ఉంటే ఈ కథ లేదు. కానీ నేను చూడని క్లబ్బు లేదు కదా.

"సప్పట్లేటి శైలూ, సదివింపులుంటాయి. మనకి లాగే. నోటు గుండె మీద గుచ్చి మైకులో పేరు సెప్పిస్తారు."

"నిజమా?"

"నేనెన్నిసార్లు గుచ్చానో."

మావగారి చెవులు దరువులోనూ బాగా పనిచేస్తాయి. నెమ్మదిగా తల తిప్పారు. "అయితే గుచ్చు. సూద్దాం."

వెనక్కి తగ్గే దారి లేదు. జేబులో వంద నోటు తీశాను. శైలజ తన గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. స్టేజీ పక్క మెట్ల దగ్గర కాపలా మనిషి ఆపుతాడనే ధీమా ఒక్కటే నాకు మిగిలింది. ఆపితే మర్యాదగా తిరిగి వచ్చేయొచ్చు. ఆ మహానుభావుడు నా చంకలో బరకం చూసి, టెంటు హౌసు మనిషిననుకుని, "తొందరగా కట్టు అన్నా, మంచు పడతాది" అని దారి ఇచ్చాడు.

డీజే కళ్ళు మూసుకుని ఊగుతున్నాడు. ఊగే మనిషికి పిన్నీసు గుచ్చడం ఎంత కష్టమో మీకు తెలియదు. రెండుసార్లు గాలికి గుచ్చాను. మూడోసారి చొక్కాకీ గుచ్చాను, లోపల ఉన్న మనిషికీ గుచ్చాను.

"ఓలమ్మోలమ్మా" అని ఎగిరాడు. వాడి మోచెయ్యి దేనికి తగిలిందో గానీ మొత్తం దరువు ఆగిపోయింది. అంత మంది జనం, ఒక్క చప్పుడు లేదు. సముద్రం మాత్రం వినపడుతోంది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. డప్పు ఆగిందంటే చదివింపు చదవాలి. చిన్నప్పటి నుంచి విన్న అలవాటు. నా ఎదురుగా మైకు ఉంది. నా నోరు నన్ను అడగలేదు.

"బొబ్బిలి తాలూకా వాస్తవ్యులు, రైతు, మా కాబోయే మావగారు శ్రీ సింహాచలంనాయుడు గారు, ఈ కళాకారుడి ఆటకి మెచ్చి, నూట పదహార్లు చదివిస్తున్నారు. వారినీ, వారి పాడిపంటల్నీ అమ్మవారు సల్లగా సూడాలని కోరుకుంటన్నాం."

వంద నోటుకి నూట పదహార్లేమిటని అడగకండి. పదహారు రూపాయల చిల్లరని పిన్నీసుకి గుచ్చలేం.

జనం గొల్లున నవ్వారు. ఎవడో మొదలుపెట్టాడు, "సింహాచలం మావా", ఇక తీరమంతా అదే. "సింహాచలం మావా, సింహాచలం మావా." ఇద్దరు నల్ల టీషర్టులు వచ్చి, ఒకడు తల వైపు, ఒకడు కాళ్ళ వైపు పట్టుకుని, ధాన్యం బస్తాని లారీలోంచి దించినట్టు నన్ను గేటు బయట దించారు. బరకం స్టేజీ మీదే ఉండిపోయింది. చేగోడీలు తిన్న చేతులే అవి. విశ్వాసం లేని లోకం.

ఇసకలో కూర్చుని నా పెళ్ళి కళ్ళ ముందే కాలి బూడిదవడం చూస్తున్నాను. శైలజకి నా మీద ఉన్న ఇష్టం ఎంతటిదో, అది పోతుందేమోనన్నప్పుడే తెలిసింది. ఆ పిల్ల ఫోన్లో "బావా" అని మొదలుపెట్టకపోతే నా రోజు మొదలవదు. అది నాకు అంతవరకూ తట్టలేదు.

కాసేపటికి ఇద్దరూ వచ్చారు. శైలజ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

మావగారు నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. "అమ్మోరి మీద ఒట్టేసి సెప్పు. ఇంతకు ముందు ఇలాటి సోటికి ఎప్పుడైనా వచ్చావా?"

"లేదు మావా."

"క్లబ్బు?"

"బయట బోర్డు సదివాను."

ఆయన కూతురి వైపు తిరిగారు. "ఇలాటి సోట్లకి తిరిగినోడెవడూ అలగ సెయ్యడే. ఈడు తిరుగుబోతు కాదు. ఒట్టి ఎర్రోడు. ఎర్రోడికి పిల్లనిచ్చి సుకంగా నిద్రపోవొచ్చు. రేపే పంతులు గారి కాడికెల్లి లగ్గం రాయిస్తాను." మళ్ళీ మీసం సవరించుకుని, "పేరు మాత్రం బాగా సదివాడు. సముద్రం అవతలికి ఇనపడుంటాది" అన్నారు.

"మీరు రాయించేస్తే సరా నాన్నా?" అంది శైలజ, చున్నీ తీసి. ఏడుపు కాదు, నవ్వు. నవ్వీ నవ్వీ కళ్ళు తడిసిపోయాయి. "నాతో కదా అబద్దమాడాడు. బావా, నానూ ఎప్పుడూ ఎల్లలేదు కదా. నీకూ తెలీదని ఒక్క ముక్క సెప్పుంటే, ఇద్దరం కలిసి తెల్లమొగం ఏసుకునేవోలం. నువ్వొక్కడివే ఏసుకున్నావు."

నేను చెవులు పట్టుకున్నాను. తను సరేనంది.

అప్పుడే ఆ డీజే, ఆట ముగించుకుని, ఛాతీ రుద్దుకుంటూ, నా బరకం భుజాన వేసుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. కాళ్ళ మీద పడబోయాను. "లెగండన్నా, మాది పాలకొండ" అన్నాడు, ఆ ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో. "నోటు ఉంచుకుంటాను. సదివింపు తిరిగిచ్చేత్తే అమ్మోరికి కోపం వస్తాది. ఈ పిన్నీసు మాత్రం తీసీసుకోండి." శైలజ చెయ్యి చాపి తీసుకుంది.

మా పెళ్ళి ఊరేగింపుకి డీజేని మావగారే మాట్లాడారు. దరువు మొదలవగానే పంచె ఎగ్గట్టి, డీజే బండి ముందు తప్పెటగుళ్ళు గెంతారు.

కాబట్టి డబ్బు దండగా కాదా అంటే, నా వరకు ఒక భార్యా, నన్ను ఎర్రోడని నమ్మిన మావగారూ వచ్చారు. బరకం కూడా తిరిగి వచ్చింది. అంతకంటే గిట్టుబాటు నా ఎరువుల కొట్టులో లేదు. మీకూ అలాగే గిట్టుతుందని హామీ ఇవ్వలేను.

ఇక ప్రమాణం. మా ఊరి అమ్మవారి సాక్షిగా, అమ్ముడుపోని యూరియా బస్తాల సాక్షిగా చెబుతున్నాను. తెలియనిదాన్ని తెలుసనను. కరెంటు మీద వాయించే ఏ కళాకారుడి గుండెల మీదికీ నోటు పట్టుకుని వెళ్ళను. ఈ మాట మీద నిలబడతానని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ పిన్నీసు ఇప్పుడు శైలజ పుస్తెలతాడుకి ఉంది. నేను ఎక్కడ గొప్పలు మొదలుపెట్టినా, నలుగురిలో ఉన్నా సరే, ఆవిడ చెయ్యి నెమ్మదిగా దాని మీదికి పోతుంది.