పెళ్లిగుర్రం కడుపు

మా వంటింటి అరలో కారం డబ్బాకీ పసుపు డబ్బాకీ మధ్య ఒక పెద్ద తెల్ల డబ్బా ఉంటుంది. దాని మీద దూకుతున్న గుర్రం బొమ్మ. మూత తీస్తే సోంపు వాసన, ఆపిల్ వాసన కలిసి వస్తాయి. ఒకసారి మా చెల్లెలు అది పిల్లల పాలల్లో కలిపే పొడి అనుకుని చెంచాడు నోట్లో వేసుకుంది. ఏమీ కాలేదు, పైగా ఆరోజు బిరియానీ బాగా అరిగిందని చెప్పింది. అది గుర్రాల కడుపులో పుండ్లు పడకుండా వేసే పొడి. హైదరాబాదులో రేసు గుర్రాలు తింటాయట. నాకు తెలిసి నరసరావుపేటలో తినేది మాత్రం ఒక్కతే, మా ఇంటి సవతి.

సవతి అంటే గుర్రమే. ఆడగుర్రం. మా ఆయనకి నాకంటే అదంటేనే ప్రాణమని మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. నేను ముందుగదిలో మిషన్ కుడతాను. పొద్దున నాకు టీ పెట్టమంటే మా ఆయనకి నడుం నొప్పి వస్తుంది. దానికి ఉలవలు ఉడకబెట్టడానికి మాత్రం కోడికంటే ముందు లేస్తాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. దీనికి కళ్లు కూడా బాగానే ఉన్నాయి, ఇక చెప్పేదేముంది!

మా మామగారికి జట్కా ఉండేది. ఆటోలు వచ్చి జట్కాని తినేశాయి, గుర్రం మిగిలింది. ఆ గుర్రం పెళ్లి ఊరేగింపులకి వెళ్లి మమ్మల్ని పోషించింది. అది ముసలిదై పోయాక మా ఆయన హైదరాబాదు వెళ్లి, రేసుల్లో పరుగు అయిపోయిన దీన్ని తెచ్చాడు. బూడిద కలిసిన తెలుపు, సన్నటి కాళ్లు, మనుషుల్ని పైనుంచి కిందికి చూసే చూపు. వీధిలో దిగినరోజు చూడ్డానికి వచ్చినవాళ్లకి టీలు పెట్టి పెట్టి నా చేతులు పడిపోయాయి.

కొన్నాళ్లకి మహారాణి దాణా వదిలేయడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిని మొహం తిప్పుకునేది. కట్టేసిన గుంజని కొరికేది. జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి కాలు విసిరేది. పళ్లు కరకరా నూరేది. నేను పొగరు అనుకున్నాను. మా ఆయన దిష్టి అనుకున్నాడు.

మా వీధి చివర ఒక బాబాయి ఉన్నాడు. రొంపిచెర్ల ఆయన, బండలాగుడు ఎద్దుల్ని మేపడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మా ఆయన వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చాడు. బాబాయి మంచం మీద కూర్చుని, గుర్రాన్ని కాసేపు చూసి, "నెమరేస్తందా?" అన్నాడు.

"నేనెప్పుడూ చూళ్లేదు బాబాయి," అన్నాడు మా ఆయన.

"అద్దీ జబ్బు! నెమరు ఆగిపోయిందిరా. పొద్దున సాయంత్రం కడుపునిండా పెట్టు, మధ్యలో ఏం పెట్టమాక. పడుకుని నెమరేసుకోనీ."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ దాని దవడకేసి చూస్తూ కూర్చున్నారు. అది పళ్లు నూరగానే బాబాయి తొడ కొట్టుకుని "అదుగో, ఏస్తంది!" అని అరిచాడు. పాపం అది నొప్పితో నూరుతోందని మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. గుర్రం నెమరెయ్యదని మా పల్నాడులో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ కొమ్ములున్నదైనా లేనిదైనా ఎద్దు కిందే లెక్క. చివరికి వాము, వెల్లుల్లి నూరి గొట్టంతో పోయబోతే అదంతా బాబాయి తెల్లపంచె మీద ఊసింది. ఆ ఒక్కసారికి సవతి నాకు నచ్చింది.

తర్వాత పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చింది. కుర్రపిల్ల. రోజూ గేదెలతో వేగే ఆమె, హైదరాబాదులో గుర్రాలు చూసే స్నేహితురాలితో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడి, అల్సర్ లక్షణాలే అని చెప్పింది.

"భాయ్, ఇది నెమరేసే జంతువు కాదు. దీని కడుపులో యాసిడ్ రోజంతా ఊరతానే ఉండిద్ది, తిన్నా తినకపోయినా. గడ్డి ఉంటే గడ్డి మీద పడిద్ది, లేకపోతే కడుపు గోడల మీద పడిద్ది. ఖాళీ కడుపుతో నడిపిస్తే లోపల చిందిద్ది కూడా. రేసు గుర్రాలకి చానావాటికి ఇదే బాధ."

"మందేంది మేడమ్?"

"యాసిడ్ తగ్గడానికి మందు రాస్తన్నా. అది అయ్యాక కాస్త తోడుగా ఉండిద్దని పొడి ఒకటి. కానీ అసలు మందు గడ్డి. దీని నోరు ఎప్పుడూ ఖాళీగా ఉంచమాకండి."

అంత వివరంగా చెప్పినా మా ఆయన చెవికి ఎక్కింది ఒక్కటే, పొడి. మగవాళ్ల చెవులంతే. కొనుక్కొచ్చేది వినపడుతుంది, మానుకోవాల్సింది వినపడదు.

పొడి హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్‌లో వచ్చింది. దాన్ని తవుడులో, బెల్లం నీళ్లలో కలిపి, ఉండ చేసి, "తిను బేటీ, తిను" అంటూ నోటికి అందించేవాడు. పెళ్లై ఇన్నేళ్లలో నాకు ఒక్క ముద్ద కలిపి పెట్టిన పాపాన పోలేదు. మందు అయింది, పొడి సాగింది, గుర్రం తేరుకుంది. గుంజ కొరకడం మానింది. మా ఆయన వచ్చినవాళ్లందరికీ డబ్బా చూపించి, కంపెనీవాళ్లకి కూడా తెలియని గొప్పలు చెప్పాడు.

అయితే ఏ పెళ్లికి వెళ్లొచ్చినా మళ్లీ మొదలే. పళ్లు నూరడం, పొట్టకేసి చూసుకోవడం. ఎందుకో నాకు తెలుసు. ఊరేగింపు ముందురోజు సాయంత్రం నుంచి గుర్రానికి మేత బంద్. అది మామగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. కారణం లద్దె. జట్కా రోజుల్లో గుర్రం రోడ్డు మీద లద్దె వేస్తే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు పైన డ్రోను, కింద ఎర్ర తివాచీ, ముందు లెహంగాలు ఈడ్చుకుంటూ నాట్యం చేసే ఆడపిల్లలు. పెళ్లివాళ్లు ఫోన్ చేయగానే అడిగేవి మూడే: గుర్రం తెల్లదేనా, డ్యాన్స్ చేస్తుందా, దారిలో ఏమీ వేయదు కదా? "వెయ్యదు సార్, గ్యారంటీ" అనేవాడు మా ఆయన. పెళ్లికొడుకు బాబాయిలు తాగి దారంతా కక్కుతారే, దానికి గ్యారంటీ ఎవరూ అడగరు.

ఒకరోజు నేను ఉండబట్టలేక అన్నాను. "డాక్టరమ్మ చెప్పింది ఏంది, మీరు చేస్తంది ఏంది? ఖాళీ కడుపుతో దాన్ని మైళ్లు నడిపిస్తారా?"

"తింటే వేసిద్దే. రోడ్డు మీద వేసిందంటే రేపట్నించి మనల్ని ఎవడు పిలుస్తాడు?"

"రంజాన్‌లో మనం రోజా ఉంటే సాయంత్రానికి ఇఫ్తార్ ఉండిద్ది. దానికి మీరు ఏ అజాన్ వినిపిస్తారు?"

ఆయన మర్నాటి నుంచి పొడి రెట్టింపు చేశాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. వాడు మా ఇంటి అల్లుడే అయ్యుంటాడు.

వినుకొండ పెళ్లిలో జరగాల్సింది జరిగింది. నయం, పెళ్లికొడుకు అప్పటికే దిగి లోపలికి వెళ్లిపోయాడు. గుర్రం మండపం ముందు రోడ్డు మీదే పూసల జీనుతో సహా పడుకుంది. పొట్టకేసి చూసుకుంటూ అటూ ఇటూ దొర్లింది. జనం చుట్టూ మూగి ఫోన్లు ఎత్తారు. ఒకడైతే బ్యాండువాళ్లని ఇంకో పాట వేయమన్నాడు, నాగిని డ్యాన్సట. మా ఆయన దాన్ని లేపి, డాక్టర్ వచ్చి సూది వేసేదాకా చెమటలు కక్కుతూ నడిపిస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

మర్నాడు నా మిషన్ పక్కన కూర్చుని చెప్పాడు. "బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే భాయ్ దీన్ని అడుగుతున్నాడు. గురజాల పెళ్లికి మాటిచ్చా, అదొక్కటి చేస్తా. ఆ తర్వాత ఇచ్చేస్తా. నా చేతిలో మాత్రం ఇది చావకూడదు."

సవతి పోతోందంటే ఎవరైనా సంతోషిస్తారు. నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి నాకే ఒళ్లు మండింది. ఆ ఇసుకలో, ఆ ఎండలో పచ్చి గడ్డిపోచ ఎక్కడ దొరుకుతుంది దానికి? ఇక్కడ పెళ్లివాళ్ల కోసం పస్తులుంటే, అక్కడ ఐస్‌క్రీమ్ తినే పిల్లల కోసం పస్తులుంటుంది. ఇక ఈ మనిషి గుంజ దగ్గర కూర్చుని ఎవరికి ఉండలు పెడతాడు? ఖాళీ గుంజకా?

దానికి కావాల్సింది పొడి కాదు, తోక కింద కట్టే జోలి అనిపించింది. వేయకుండా ఆపడం ఎందుకు, వేసింది కింద పడకపోతే చాలు కదా! ఎవరికో షేర్వాణీ కుట్టగా మిగిలిన మెరూన్ వెల్వెట్ ఉంది. లోపల టార్పాలిన్, పైన వెల్వెట్, అంచుకి జరీ. పేటలో ఎంతమంది ఆడవాళ్లకి కొలతలు తీశానో గానీ, ఇలాంటి నడుము నాకెప్పుడూ తగల్లేదు. టేపు చుట్టబోతే తోకతో మొహం మీద కొట్టింది. తొడిగాక, అత్తగారు పెట్టిన చీర నచ్చని కోడలిలా మొహం మాడ్చుకుని పొద్దస్తమానం నిలబడింది. రెండోరోజు తన్నింది. మూడోరోజు మర్చిపోయింది.

మా ఆయన చూసి, "జనం నవ్వుతారే," అన్నాడు.

"నవ్వనీయండి. అది దొర్లినప్పుడు కూడా నవ్వారుగా."

ఎలాగూ ఆఖరి ఊరేగింపే కదా అని ఒప్పుకున్నాడు.

గురజాలలో పొద్దున పూట పెళ్లి. ముందురోజు సాయంత్రం నుంచీ దాని ముందు గడ్డి ఖాళీ కానివ్వలేదు నేను. బయల్దేరేటప్పుడు ఆటో ట్రాలీలో రెండు మోపులు వేసుకుని నేనూ ఎక్కాను. విడిది దగ్గర పెళ్లికొడుకు వచ్చేదాకా చేత్తో అందిస్తూనే ఉన్నాను. వీడియో తీసే అబ్బాయి వచ్చి, "ఆంటీ, గడ్డి తీసేయండి, ఫ్రేమ్‌లోకి వస్తంది," అన్నాడు.

"నీ ఫ్రేమే పక్కకి జరుపు నాయనా, ఇది తింటంది," అన్నాను.

జీను పట్టీ బిగించేటప్పుడు అది కాలు విసరలేదు. మా ఆయన తలెత్తి నాకేసి చూశాడు. పెళ్లికొడుకు ఎక్కాడు. ముహూర్తం దాకా ఉపవాసమట, పాపం, మొహం పీక్కుపోయి ఉంది. ఆ ఊరేగింపులో తృప్తిగా ఉన్నది గుర్రం ఒక్కటే. బ్యాండు మోగింది, డ్రోను లేచింది. జనమంతా పెళ్లికొడుకుని చూస్తున్నారు. మేమిద్దరం మాత్రం, ఆయన ముందు కళ్లెం పట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి, నేను పక్కన నడుస్తూ, గుర్రం తోకకేసి చూస్తున్నాం.

బజారు మలుపులో తోక లేచింది. పడింది, పడాల్సినంతా జోలిలోనే పడింది. తివాచీ మీద ఒక్క పోచ రాలలేదు. గుర్రం చెవులు కూడా కదపకుండా నడుస్తూనే ఉంది. నేను నడిరోడ్డు మీద ఏడ్చాను. పెళ్లికూతురి తరఫు పెద్దావిడ ఒకామె నన్ను చూసి, "అబ్బాయి మీకు బాగా కావాల్సినవాడా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె జోలి అంచు పట్టుకుని చూసి, "పనితనం బాగుంది, ఇది దేనికి?" అంది. "శుభానికండీ," అన్నాను.

ఊరేగింపు అయ్యాక గుర్రాన్ని చెట్టు నీడకి తీసుకొచ్చాం. పట్టీ వదులు చేశాం. పొట్టకేసి చూసుకోలేదు, పళ్లు నూరలేదు, తిన్నగా మోపులో తల పెట్టింది. అప్పుడే మా ఆయన ఫోన్ మోగింది, బాపట్ల భాయ్.

"లేదు భాయ్, ఇవ్వను," అన్నాడు మా ఆయన. "ఎందుకేంది? తింటంది, వేస్తంది. ఇంకేం కావాల?"

ఫోన్ జేబులో పెట్టుకుని, తుండుగుడ్డతో కళ్లు తుడుచుకుని, జోలి విప్పడానికి వంగాడు.

"జాగ్రత్త, చానా బరువుంది," అన్నాను.

"ఉండనీయవే," అన్నాడు.