కెల్సోమ్ గారి బాతు రెట్ట

ఆ సోమవారం సాయంత్రం, మలేషియాలోని మా పాసిర్ పుతెలో రాత్రిసంత మొదలవుతుండగా జనరేటర్ మోత ఠక్కున ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే, ఫోనుతో వీడియో తీస్తున్న ఒక కుర్రాడు "వినపడలా, దీని పేరేంటి?" అని మూడోసారి అడిగేసరికి, ఇర్దీనా గొంతెత్తి "బాతు రెట్ట!" అని అరిచింది. నిశ్శబ్దంలో వీధి వీధంతా విన్నది. కుర్రాడు మర్యాదస్తుడు. ఒకటి కొన్నాడు, తినలేదు.

మిఠాయి పేరు అదే మరి. ఇర్దీనా అమ్మమ్మ కెల్సోమ్ గారిది నా చేపప్పడాల బండి పక్క బండి. పెళ్లిళ్లకు బాతుగుడ్ల పచ్చసొనతో బంగారు వలల్లాంటి మిఠాయి అల్లుతుంది. మిగిలిన తెల్లసొన పిండితో కలిపి పంచదార పాకంలోకి జారవిడుస్తుంది. అది ఎలా పడుతుందో చూసి పెద్దలు ఉన్నమాట పేరుగా పెట్టారు. పాకం మరిగేటప్పుడు ఆవిడ కళ్లు సగం మూతపడతాయి. ఆవిరి మాటున గరిటె ఒక్కటే తిరుగుతూ కనిపిస్తుంది. మనిషి ఏ నీళ్ల మీదో తేలుతున్నట్టుంటుంది.

"పేరు మార్చు అమ్మమ్మా. లేకపోతే నేనింక రాను. కాలేజీ వాళ్లంతా అటు చీజు కోడి బండి దగ్గరే నించుని నన్ను చూసి నవ్వుతున్నారు."

హాస్టల్ నుంచి మనవరాలు వచ్చి పక్కన కూర్చునేది వారానికి ఆ ఒక్క సాయంత్రమే.

"ఏం పెడతావే?"

"వెండి మేఘం."

"తినేదా, తలకింద పెట్టుకునేదా?" అందిగానీ, సరేనంది.

మరుసటి సోమవారం కొత్త పేరుతో బోర్డు వెలిగింది. కాలేజీ పిల్లలు మూగారు. ఫొటోలు తీశారు. "లోపల చీజు ఉంటుందా?" అని అడిగారు. దీపాల కింద తెల్లటి తునకలు నిజంగానే ఆకాశం నుంచి దిగినట్టున్నాయి. ఇర్దీనా మొహం కూడా అలాగే ఉంది.

అంతలో దెరామన్ గారు వచ్చారు. రిటైరైన బస్సు కండక్టరు. ప్రతి వారం ఆరు కొంటారు. బోర్డు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"మనది మానేశావా చెల్లెమ్మా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండానే నడిచిపోయారు.

కెల్సోమ్ గారు మనవరాలి వైపు చూడలేదు. గరిటె మాత్రం ఆగింది. ఇన్నేళ్లలో పాకం మీద ఆ గరిటె ఆగడం నేనెరగను.

ఇర్దీనా ఆ గరిటెను చూసింది. దూరమైపోతున్న దెరామన్ గారి తెల్ల టోపీని చూసింది. స్టూలెక్కింది.

"తాతగారూ! ఉంది! బాతు రెట్ట ఉంది! వెనక్కి రండి!"

ఈసారి జనరేటర్ నడుస్తూనే ఉంది. అయినా వీధంతా విన్నది. చీజు కోడి దగ్గరి వాళ్లతో సహా. ఆ పిల్ల దిగలేదు, ఆయన వెనక్కి తిరిగేదాకా పిలుస్తూనే ఉంది.

బండి ముందు సగం కొరికిన తునకతో నిలబడిన అమ్మాయి నమలడం ఆపింది.

"ఇదేంటి మామ్మగారూ! నాకు వెండి మేఘం అని అమ్మారుగా?"

కెల్సోమ్ గారి గరిటె మళ్లీ తిరిగింది.

"ఆ మేఘం మీదుగానే ఒక బాతు ఎగిరింది తల్లీ."