అభ్యంతరం ఉన్నవాళ్ళు లేవండి

మా ఊరి నుంచి మార్కాపురం కోర్టుకు పోవాలంటే దొనకొండ దాకా నడిచి రైలెక్కాలి. మా పల్లెలో ఆ పని చేసినవాళ్ళను నేను చూడలేదు. మాకు కోర్టైనా కచేరీ అయినా మా ఏసయ్య గుడే. గుడి ముందు వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో కొడితే అందరం చేరేవాళ్ళం. కల్లు తాగినవాడికి వెలి, జాతరకు పోయినవాడికి వెలి, ఆదివారం కలుపుకు పోతే అందరి ముందు చీవాట్లు. మదరాసు సర్కారు చట్టం మా పొలిమేర దాకా వచ్చి ఆగేది కానీ, సంఘ పెద్దల చట్టం మా వంటింట్లోకి కూడా వచ్చేది.

అట్లని వాళ్ళను తిట్టిపోయడానికి నాకు నోరు రాదు. చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన వీధిలో మా నాయన చెప్పులేసుకుని నడిచాడంటే అది ఆ గుడి చలవే. కూలికి పోయే మా అత్త అక్షరాలు నేర్చింది కూడా అక్కడే.

అత్త అంటే నాయన చెల్లెలు. తల్లీతండ్రీ లేక మా ఇంట్లోనే పెరిగింది. మనిషి మెతక, గొంతు మాత్రం కంచు. ఆమెను తన తమ్ముడికిమ్మని సంఘ పెద్ద ఒకాయన అడిగాడు. ఆ తమ్ముడు కురిచేడులో ఉండేవాడు, భార్య పోయినవాడు. పెద్దాయనే నోరు తెరిచి అడిగాడన్న సంబరంలో నాయన మాటిచ్చేశాడు. అత్తను ఒక్క మాట అడగలేదు. ఆమె ఏడ్చింది, అన్నం మానేసింది.

"పెద్దలు ఒప్పుకున్నాక దేవుడు ఒప్పుకున్నట్టే. ఇంక నీ ఏడుపేంది?" అన్నాడు నాయన.

మాలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానా వాళ్ళకు పెండ్లి అని చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి" అనేవారు అయ్యగారు, అంటే మా పాస్టరు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన చేయి పాటల పుస్తకం మీదికి పోయేది. ఎవరూ లేవరని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మొదటి ఆదివారం, రెండో ఆదివారం అత్త తల వంచుకుని కూర్చుంది.

మూడో ఆదివారం లేచి నిలబడింది. ఆడవాళ్ళ వైపు చాప మీద నేను ఆమె పక్కనే ఉన్నాను. తేలు కుట్టిందేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు చాప దులపడం మొదలుపెట్టారు.

"నాకుంది అయ్యగారూ అభ్యంతరం" అంది.

"కూర్చోవే!" అని నాయన అరిచాడు. "పెండ్లికూతురు లేచేదేంది? ఎక్కడన్నా ఉందా ఇది?" అన్నాడు ఆ సంఘ పెద్ద.

అయ్యగారు పాటల పుస్తకం మూశారు. "అడిగింది నేను. చెప్పనీయండి. ఏందమ్మా కారణం?"

"ఆయన మొదటి భార్యను గొడ్డును బాదినట్టు బాదినాడు. కురిచేడుకు కలుపుకు పోయినప్పుడు ఆమె ఒంటి మీది వాతలు నా కండ్లతో చూసినా. నాకా మనిషి వద్దు."

అయ్యగారి జీతంలో సగం ఆ పెద్ద చేతి మీదుగానే రావాలి. ఆ సంగతి తెలిసి కూడా ఆయన అందరి వైపూ తిరిగి చెప్పారు.

"పెండ్లినాడు ఇష్టమేనా అని ఈ బిడ్డను నేను అడగాల. ఈమె ఈపొద్దే చెప్పింది. పెండ్లి చేసేదానికి సర్కారు నాకు లైసెన్సు ఇచ్చింది గానీ, మెడలు వంచేదానికి ఇయ్యలేదు. ఈ పెండ్లి నేను చెయ్యను."

ఆ పూట ఆయన నా కళ్ళకు జిల్లా కలెక్టరుకన్నా పెద్దగా కనిపించారు. ఇన్నేళ్ళయినా ఆ ఎత్తు తగ్గలేదు.

పెద్దలు ఊరుకుంటారా? పెండ్లి ఎట్లాగూ ఆగిపోయింది; ఆ కసి వేరే చోట తీర్చుకున్నారు. గుడిలో గొంతెత్తిందని అత్తను ప్రభు బల్లకు, అంటే నెలకోసారి అందరం కలిసి ఏసు పేరున రొట్టె తీసుకునే ఆరాధనకు, దూరం పెట్టారు. రొట్టె పంచేటప్పుడు ఆమె గడప దగ్గర కూర్చోవాలి. కూర్చునేది, కానీ పాటలో అందరినీ మించి పాడేది. కానుకకు పిడికెడు జొన్నలు కూడా ఎప్పటిలాగే తెచ్చేది. ఒకసారి జొన్నలు గంపలో పోస్తూ, అందరికీ వినబడేలా, "నన్ను వెలి పెట్టినారు గానీ నా జొన్నల్ని వెలి పెట్టలేదా అయ్యగారూ?" అంది. ఆయన పకపకా నవ్వారు. ఆ వెనక గుడంతా నవ్వింది. నవ్విన నోళ్ళతో మళ్ళీ వెలి మాట ఎవరూ ఎత్తలేకపోయారు. ఆ మరుసటి నెల రొట్టె ముక్క మొదట నాయనే ఆమె చేతికి అందించాడు. నాయన మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది.

తర్వాత అత్త తనకు నచ్చిన మనిషినే చేసుకుంది, గిద్దలూరు దగ్గర బడి పంతులును. నా పెండ్లి ప్రకటన చదివే నాటికి అయ్యగారి జుట్టు నెరిసిపోయింది. మూడో ఆదివారం "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అని ఆగారు. అప్పటికి ఆ గుడిలో అదొక ఆచారమైపోయింది. పాటల పుస్తకం ముట్టకుండా, పెండ్లికూతురి వైపు చూస్తూ ఆగేవారు. గుడంతా నా వైపు తిరిగింది.

నా పెండ్లికని వచ్చి పక్కనే కూర్చున్న అత్త నా మోచేతిని పొడిచింది. "ఏమే, లేస్తావా?"

"లేదత్తా, నాకు ఇష్టమే" అన్నాను.

"అట్లయితే కూచో" అంది, నేను కూర్చునే ఉన్నా.