ముక్కిన జొన్నలు, పాత ల్యాప్‌టాప్

మా చిన్నప్పుడు... పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే అది ఒట్టిగా తిరిగి పోయేది కాదు. మా అమ్మ దాన్ని బూడిదతో తోమి, అందులో ఏదో ఒకటి వేసి పంపేది. ఏమీ లేని రోజు రెండు పచ్చిమిరపకాయలు... అవీ లేకపోతే గుప్పెడు చింతచిగురు. శింగనమల పక్కన మా ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అంతే.

ఒక్కసారి మాత్రం ఆమె ఇంకో రకంగా పంపింది. అది చెప్పడానికే ఇదంతా.

ఆ కరువు ఏడు మా నాయన బళ్ళారి వైపు కూలికి పోయాడు. మా పెద్దనాయన వాళ్ళు జొన్నల పాతర తీశారు. పాతర ఎరగని వాళ్ళకు చెబుతున్నా... నేలలో లోతుగా తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి పూడ్చేవాళ్ళు. నడుమ ఉన్న జొన్నలు బాగుంటాయి. గోడవారన తడి తగిలినవి ముక్కిపోయి, నల్లబడి, కంపు కొడతాయి. నడుమవి వాళ్ళింట్లోకి పోయాయి. గోడవారవి గంపకెత్తుకుని పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది.

"ఏమ్మే, పిల్లోళ్ళు పస్తుండారంట గదా... ఇదో, తినండి!" అని వీధంతా వినేట్టు అరిచింది. వెనకాలే ఆమె కొడుకు, మా అన్న... బెల్లంముక్క చప్పరిస్తూ.

అమ్మ పడసాలలో కూర్చుని ఆ జొన్నలు చెరిగింది. చాట అంచున పాకుతున్న పురుగులను వేలితో తోసింది. ఆ రాత్రి సంగటిని ముక్కు మూసుకుని మింగాం. ఆ కంపు ఇప్పటికీ నా గొంతులో ఉంది.

మర్నాడు గంప తిరిగి ఇవ్వాలి. ఇంట్లో వేయడానికి ఏమీ లేదు. అమ్మ చెరిగి పక్కన పెట్టిన పురుగులూ, ఊకా, మట్టిపెళ్ళలూ ఎత్తి అందులో పోసింది.

"ఇదేందిమా?" అన్నాను.

"ఒట్టి గంప ఎట్ల పంపేదిరా? వాళ్ళ సొమ్మే గదా, వాళ్ళింటికే పోనీ."

తనే నెత్తిన పెట్టుకుపోయి పెద్దమ్మ ముందు దించి వచ్చేసింది. మళ్ళీ ఆ ఇంటి నుంచి ఏ గంపా రాలేదు. ఆ ఏడంతా చింతగింజలు వేయించుకుని, నానబెట్టుకుని తిన్నాం... ముక్కు మాత్రం మూసుకోలేదు.

ఆ బెల్లం చప్పరించిన అన్న తర్వాత పెద్ద ఆఫీసరయ్యాడు. రిటైరై బెంగళూరులో ఉంటున్నాడు. మొన్న వేసవిలో మా హైస్కూలు పాత విద్యార్థుల సభకు వచ్చి, స్టేజీ మీద నాకు శాలువా కప్పి, తన పాత ల్యాప్‌టాప్ చేతిలో పెట్టాడు. ఫొటో తీయించుకున్నాడు.

నాకు చూపు తగ్గుతోంది. ఫోనులో అక్షరాలు అలికేసినట్టుంటాయి. ఉన్న చూపుతో అమ్మ గురించి నాలుగు మాటలు రాసిపెట్టాలని ఆశ. పెద్ద తెర, పెద్ద అక్షరాలు... అందుకే తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి మూత తెరిచాను. మీటల సందుల్లో బిర్యానీ మెతుకులు, తెల్ల వెంట్రుకలు, కొరికి ఉమ్మిన గోళ్ళు! తెర మీద ఎండిపోయిన తుంపరలు. లోపలినుంచి వక్కపొడి కంపు.

మా ఇంటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మీయన్న తినిందీ ఈడే, తుమ్మిందీ ఈడే. దీని మీద నీళ్ళు పోసుకోలేదు, అదొకటే తక్కువ!"

స్విచ్ వేస్తే నీళ్ళు లేని బోరు మోటారులా రొద. తెర నిండా పూలదండ వేసుకున్న మా అన్న ముఖం... కింద పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫోన్ చేశాను.

"పాస్‌వర్డా? మర్చిపోయినానప్పా. ఇచ్చినాను గదా, ఇంగ నువ్వే చూసుకో" అని పెట్టేశాడు.

అనంతపురం తీసుకెళ్ళి అంతా చెరిపించి, తెలుగు పెట్టించుకుని వచ్చాను. బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోతే రాసిందీ పోతుంది. సరే అనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది కదా... మొదట "అమ్మ" అని కొట్టబోయాను. 'ఏ' మీట కదలదు! మా ఇంటామె పిన్నీసుతో ఆ మీట పైకి లేపింది. కింద ఎండి గట్టిపడిన టీ... అందులో అతుక్కుపోయిన చీమలు.

తుడిచాక మళ్ళీ కొట్టాను. తెర మీద "అమ్మ" అని వచ్చింది. ఇంతింత అక్షరాలు. కళ్ళద్దాలు లేకుండా చదివాను... చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే అన్న పెట్టిన పోస్టు చూశాను. శాలువా ఫొటో. కింద ఆయన రాతలు: "కరువులో మా అమ్మ వీళ్ళ ప్రాణాలు నిలబెట్టింది. ఈ రోజు నేను జ్ఞానాన్ని ఇచ్చాను. ఇవ్వడం మా ఇంటి గుణం." దాని కింద దండాలు, చప్పట్లు, "మీలాంటి వారు అరుదు సార్"లు.

కరువుల మీద పుస్తకాలు చాలానే చదివాను. పెట్టినవాళ్ళ పేర్లు అన్నింట్లోనూ ఉంటాయి. తిన్నవాళ్ళ పంటికింద పడ్డ మట్టి ఒక్క పుస్తకంలోనూ కనిపించలేదు.

ఇది నేను ఆ ల్యాప్‌టాప్‌లో రాసిన మొదటి ముక్క. చివరిదీ ఇదే. రేపు బస్సులో దాన్ని బెంగళూరు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి వస్తాను. శుభ్రంగా తుడిచాం. తెరవగానే ఆయన ముఖం ఉన్నచోట ఈ జొన్నల కథ కనిపిస్తుంది. మెతుకులూ, వెంట్రుకలూ, గోళ్ళూ మా ఇంటామె పొట్లం కట్టి సంచిలో వేసింది.

"ఒట్టి సంచి ఎట్ల పంపేది?" అంది. మా అమ్మను ఆమె చూడనేలేదు.

ఇక మీదట మళ్ళీ ఫోనే... ఒక కన్ను మూసుకుని రాసుకుంటాను.

ఇప్పుడు ఇళ్ళ మధ్య గిన్నెలు తిరగడం లేదు... ఫొటోలు తిరుగుతున్నాయి. మీ ఇళ్ళలో గిన్నె తిరిగి పంపేటప్పుడు అందులో ఏం వేసేవాళ్ళో రాయండి. కాస్త పెద్ద అక్షరాల్లో రాయండి... ఫొటోలు మాత్రం వద్దు.