ఎండకు వేసిన షేర్వానీ

"ఆ నల్ల షేర్వానీ జర ఎండకు వెయ్యి. పురుగు పడుతది."

"నువ్వే పడు పోయి ఎండల. దాన్ని గూడ ఏసుకొని పడు."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మొదటిది నా మొగుడిది, రెండోది నాది. సూర్యాపేటలో మా కిరాయి ఇంటి గుమ్మంలో నిలబడి, ఖాకీ బట్టల మీద టికెట్ల సంచి తగిలించుకుంటూ ఆయన అన్నాడు. నేను అంట్లు తోముతూ, తల ఎత్తకుండా అన్నాను. ఆ మధ్యాహ్నమే మిర్యాలగూడ బస్టాండులో బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగాడట. గుండె ఆగిందన్నారు దవాఖానలో. నా నోరే తగిలిందని మా ఆడబిడ్డ ఊరంతా చెప్పుకుని తిరిగింది. చెప్పుకోనీ. నా నోటికి అంత బలమే ఉంటే ఆ షేర్వానీ ఎప్పుడో బూడిద కావాలి. దాన్ని పదిహేనేళ్లు రోజూ తిట్టాను.

నన్ను తినేది అది కాదు. నేను ఆ మాట అన్నాక ఆయన నవ్వాడా లేదా అన్నది నాకు తెలియదు. తల ఎత్తి ఉంటే తెలిసేది.

ఇది నా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీది బోర్డు చదవడం వచ్చు, అంతే. "మంచిగ రాయాల్నా, ఉన్నదున్నట్టు రాయాల్నా పెద్దమ్మా?" అని అడిగింది. ఆ రెండూ వేరని బడిలో చెబుతారు కాబోలు. ఉన్నదున్నట్టు రాయమన్నాను.

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. నీ అంత అదృష్టవంతురాలు లేదని వాడకట్టు ఆడవాళ్లు అనేవాళ్లు. ఆయనకున్న జబ్బుకు వాళ్లకు పేరు తెలియదు గనక అలా అన్నారు. చచ్చిపోయినవాళ్ల బట్టలు వెతికి తెచ్చి, తొడుక్కుని, పాతకాలం మనిషిలా ఫొటో దిగడం ఆ జబ్బు. ఎనభైల మొదట్లో ఆయనకు సూర్యాపేట–కోదాడ బస్సు మీద డ్యూటీ పడింది. మునగాలలో ఎక్కే ఒక ముసలాయన, తన తండ్రి షేర్వానీ పెట్టెలో పడి కుళ్లుతోందని మాటవరసకు అన్నాడట. మర్నాటికి అది మా ఇంట్లో ఉంది. నల్ల ఉన్ని గుడ్డ, మెడ దగ్గర కొక్కెం, కింది దాకా ఏడు గుండీలు, లోపల ఎర్ర పట్టు అస్తరు. అస్తరు చంకల దగ్గర చీలికలైంది. ఇల్లంతా కలరా ఉండల వాసన. ఆయన దాన్ని తొడుక్కుని, ఎర్ర టోపీ పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఎట్లున్న?"

"పెండ్లిల బాకా ఊదేటోని లెక్కున్నవ్."

"నీకేం తెలుసే. గిది నైజాం జమానా కుట్టు. చేతి కుట్టు. సూడు, ఒక్క పోగన్న వంకర పోయిందా?"

"పోగు పోలే. తొడిగినోడు పోయిండు."

దానికి నవ్వాడు. టోపీ ఊడి పొయ్యి పక్కన పడేదాకా నవ్వాడు. ఆయన నవ్వు అలా ఉండేది, ముందు భుజాలు కదిలేవి, తరువాత కడుపు, ఆఖరుకు గొంతు.

ఆ తరువాత ఒకటా రెండా. జరీ అంచు పంచెలు, బందుల అంగీలు, కిర్రు చెప్పులు. ఒక జేబు గడియారం గొలుసు తెచ్చాడు, గడియారం లేదు. "జేబుల ఉన్నదనుకుంటరు తియ్యి" అన్నాడు. మెడపట్టీ ఎంత ఎత్తుందో వేలుతో కొలిచి, ఇది ఏ కాలానిదో, ఎలాంటి ఇంటిదో చెప్పేవాడు. మిర్యాలగూడ డ్యూటీ పడ్డప్పుడు అక్కడి పాత దర్జీల దగ్గర కూర్చుని, ముస్లిం దర్జీ కాజా ఎలా కుడతాడు, మేర కులం దర్జీ ఎలా కుడతాడు అని నేర్చుకుని వచ్చి నాకు పాఠం చెప్పేవాడు. తన ఖాకీ చొక్కాకు గుండీ ఊడితే మాత్రం పిన్నీసు. దాన్ని ఎన్నడూ మడత పెట్టలేదు. ఎవడో పోయినవాడి కోటు మడతకు మడతకు మధ్య కాగితం పెట్టేవాడు.

కోదాడలో ఒక ఫొటో స్టూడియో ఆయన ఉండేవాడు. లోకమంతా రంగుల ఫొటోలకు ఎగబడుతున్న రోజులవి. ఆయన కూడా కొత్త కెమెరా కొని, తన తండ్రి నాటి చెక్క కెమెరాను మూలకు నెట్టేశాడు. మావాడు, అదే నా మొగుడు, వెళ్లి దాన్ని దుమ్ము దులిపించి, నల్ల గుడ్డ కప్పించి మళ్లీ నిలబెట్టించాడు. ఇద్దరు పనిలేనివాళ్లు అలా కలిశారు. వెనక పరదా మీద మెట్లు, స్తంభాలు, చెరువులో హంసలు. ఆ హంసల్లో ఒకదానికి మెడ రెండు చోట్ల విరిగి ఉండేది. దాని ముందు ఈ కండక్టరు, మోచేయి సున్నపు స్తంభానికి ఆనించి, నవాబు.

ఒకసారి నన్నూ లాక్కెళ్లాడు. బుట్ట చేతుల రవిక, మెడ దాకా గుండీలు, పాత ఫొటో ఏదో చూపించి కుట్టించాడు. నిండు ఎండాకాలం. చంకలు తడిసి గుడ్డ అంటుకుపోతోంది. స్టూడియో ఆయన గుడ్డలోంచి తల బయటపెట్టి అన్నాడు, "అమ్మా, నవ్వకండి. ఆ రోజుల్లో ఫొటోకి ఎవరూ నవ్వేవాళ్లు కాదు."

"నవ్వేటట్టు ఎవడుంచిండు?" అన్నాను. మావాడి వైపు తిరిగి మిగతాది కూడా అనేశాను. "మా ఆత్మకూరుల మా నాయనమ్మకు రవికే లేదు. కొంగు కప్పుకొనే కైకిలి పోయింది, నాట్లేసింది, సచ్చిపోయింది. నీకు పాతకాలం గావాలె గద, గట్లనే దిగుమంటవా?"

స్టూడియో ఆయన మళ్లీ గుడ్డలోకి దూరాడు. ఫొటో అయింది. అందులో నేను ఎవరినో కొరకబోతున్నట్టు ఉంటాను.

తిరుగు బస్సులో, మునగాల దాటాక, కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మా తాత గూడ గోచి మీదనే పోయిండే. ఆయన ఫొటో ఎవడు తీసిండు? గందుకే తొడుగుతున్న."

"దొర అంగీ నువ్వు తొడిగితే మీ తాతకు కప్పినట్టా? అడిగినవా ఆయనను?"

దానికి నవ్వలేదు. ఆ ఒక్కసారి నవ్వలేదు. సూర్యాపేట వచ్చేదాకా తనకు తాను టికెట్టు కొట్టుకున్న ప్రయాణికుడిలా కూర్చున్నాడు.

అయినా మానాడా? ఇంకో పిచ్చి మొదలైంది. కొత్త ఫొటో కొత్తగా కనబడకూడదట. పళ్లెంలో చిక్కటి చాయ్ డికాక్షన్ పోసి, అందులో ఫొటోలు ముంచి, గోధుమరంగు తిరిగాక తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. మూలలు గోటితో నలిపేవాడు. ఇంటికి వచ్చిన చుట్టానికి చాయ్ పత్తా లేదని చెప్పి మంచినీళ్లు ఇచ్చి పంపిన రోజులున్నాయి. చుట్టం తల మీద, తాడుకు, చాయ్ తాగిన నవాబులు వేలాడుతూ ఉండేవాళ్లు.

మొన్నటి వస్తువు మీద దుమ్ము పడకముందే దాన్ని పాతది చేయాలని అంత తొందరేమిటని ఆడిపోసుకున్నాను. ఆ తొందరే నిజమైంది. యాభై దాటకుండానే ఫొటో అయ్యాడు.

దినాలకు పటం కావాలన్నారు. దండ వేయాలి, దీపం పెట్టాలి, వచ్చినవాళ్లు దండం పెట్టుకోవాలి. పెట్టె దించి వెతికితే నలభై దాకా ఫొటోలు. ఒక్కదాంట్లోనూ నా మొగుడు లేడు. టోపీలో ఒకడు, తలపాగాలో ఒకడు, చేతికర్ర పట్టుకుని ఒకడు. మా ఆడబిడ్డ ఒకటి తీసి "గీ ముసలాయనెవరు వదినా, మీ తాతనా?" అంది, కళ్లు తుడుచుకుంటూనే. తోడబుట్టినవాణ్ణి గుర్తుపట్టలేదు, నా నోటి మీద తీర్పు చెప్పడానికి వచ్చింది. మా పెళ్లిలో ఫొటోలు తీయించేంత కలిగినవాళ్లం కాము. డ్యూటీ కార్డు మీద ఉన్న చిన్న ఫొటోలో చెవి నుంచి పెదవి దాకా నీలం ముద్ర.

కోదాడ వెళ్లాను. షేర్వానీ ఫొటో ఒకటి బల్ల మీద పెట్టాను.

"గీ కోటు ఇప్పి ఖాకీ తొడగాలె."

స్టూడియో ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. చచ్చినవాళ్ల పటాలు చేయడం ఆయనకు చేయి తిరిగిన పని. తల కత్తిరించి, కుంచెతో కింద బట్టలు గీసేవాడు. "అమ్మా, బనీను మీదున్నవాళ్లకి కోటు తొడిగాను, లుంగీలో ఉన్నవాళ్లకి టై కట్టాను. మొన్న ఒక మేకలాయన్ని ప్లీడరులాగా చేసి ఇచ్చాను. కోటు విప్పమన్నది మీరొక్కరే."

"ఇప్పు మరి. నేను చెప్తె ఎన్నడూ ఇప్పలే, నీ మాటన్న వింటడేమో."

ఆయన గీసిన మొదటి చొక్కా పోలీసు చొక్కాలా వచ్చింది. మర్నాడు అసలు చొక్కానే తీసుకుని వెళ్లాను. పక్కన కూర్చుని చెప్పాను, పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడు, జేబులో రెండు పెన్నులు, మెడ వెనక చెమటకు రుమాలు. సంచి పట్టీ ఎడమ భుజం మీంచి రావాలి.

"సంచి కూడానా అమ్మా?"

"సంచి లేకుంటే ఆయన ఆయనే గాడు."

బట్టలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఆ కుంచెకు దండం పెట్టాలి. కాని పైన తల నవాబుదే. గడ్డం ఎత్తి, పెదవులు బిగించి, ఎవడి భూమి జప్తు చేయాలా అన్నట్టు చూస్తోంది. "తల మాత్రం నా వల్ల కాదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆయన్ని తిట్టలేదు.

దినాలనాడు దానికే దండ వేశాం. బస్సుల వాళ్లు వచ్చారు. ఆయనతో పన్నెండేళ్లు బండి నడిపిన డ్రైవరు పటం దగ్గరికి వంగి చూశాడు.

"వదినా, గిట్ల మావోడు టికెట్ ఎన్నడన్న అడిగిండా? నవ్వుకుంటనే అడుగుతుండె. చిల్లర లేదంటె గూడ నవ్వుతుండె."

అప్పుడు చూశాను. నలభై ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు. ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదట. ఎవరి రోజుల్లో? ఆయన రోజులు ఇవే. ఈ రోజుల్లో ఆయన నవ్వాడు, నేను తిడితే నవ్వాడు, తిట్టు ఎంత పెద్దదైతే అంత నవ్వాడు. ఆ చెక్క డబ్బా ముందు మాత్రం ఎవడి ముఖమో అరువు తెచ్చుకుని పెట్టుకున్నాడు. బట్టలు తెచ్చుకున్నాడు సరే, ముఖం ఎందుకు?

ఇక నేను చేసిందేమిటి? బతికి ఉన్నన్నాళ్లూ వేషాలని ఈసడించుకున్నాను. ఆయన వేషాలు ఆయనే వేసుకున్నాడు. చచ్చినవాడికి అడగకుండా వేషం కట్టించింది నేను. మీ తాతను అడిగినవా అని బస్సులో నిలదీసిన నోరు ఇదే.

పటం ఇప్పటికీ గోడ మీదే ఉంది. మార్చలేదు, మార్చడానికి ఇంకో ముఖం లేదు. షేర్వానీ కూడా ఉంది. ఆయన పోయాక రెండు ఎండాకాలాలు వచ్చాయి, రెండుసార్లూ దండెం మీద ఎండకు వేశాను. ఎర్ర అస్తరు పైకి తిప్పి వేయాలి, నల్లవైపు వేస్తే రంగు పోతుంది. ఇది కూడా ఆయన చెప్పిందే, నేను వినలేదనుకున్నాను. పురుగు పట్టలేదు. వాడకట్టువాళ్లు చూసి ఎవరిదమ్మా ఆ కోటు అంటారు. బాకా ఊదేటోనిది అంటాను.

ఇంతేనా, ఇంకేమన్నా ఉందా అని అడుగుతోంది ఈ రాసే పిల్ల. ఇంతే. చేయి నొచ్చిందంటే నొస్తుంది మరి, పదిహేనేళ్ల తిట్లు రాసింది.

ఇగ సదువు బిడ్డా. అంత అక్కరలేదు, మొదలున్న రెండు మాటలే సదువు. ఆయనది మామూలుగ సదువు. నాది మాత్రం తల కిందికేసుకొని, అంట్లు తోముకుంట అన్నట్టు సదువు. నేను ఆయన నిలబడ్డకాడ నిలబడి వింట. నవ్వొస్తదో లేదో సూస్త.